బిడ్డ కథ ఎవరి సొత్తు?

(ధ్యానమునకు: ఆదికాండము 9:20–23, 21:8–17, హోషేయ 11:1–4, లూకా 2:41–52)



తెలుగువారి యిండ్లలో బిడ్డ బోర్లపడినప్పుడు బొబ్బట్లు చేయుదురు. మాటలు వచ్చినప్పుడు పంచదార చిలుకలు పంచుదురు. తొలి అడుగులు వేసినప్పుడు అరిసెలు వండి, వాటిమీద బిడ్డచేత అడుగు వేయించి, ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టుదురు. మన సంఘములలోను ఈ వేడుక చేయు కుటుంబములున్నవి. బియ్యము నానబోసి, పిండి కొట్టి, బెల్లపు పాకము పట్టి, అమ్మమ్మయో నాయనమ్మయో ఒక పూట పొయ్యి యొద్ద కూర్చుండినగాని ఆ వార్త వీధికి చేరదు. చేరినను, పళ్లెము పోయినంత దూరమే అది పోవును. అరిసె పుచ్చుకొన్న ప్రతివారికిని ఆ బిడ్డ ముఖము తెలియును. ఆ బిడ్డ తల్లికి వారి కష్టసుఖములును తెలియును.

ఇప్పుడు ఆ పని చేతిలోని ఫోను చేయుచున్నది. బిడ్డ అడుగు వేయుచుండగానే వీడియో తీయబడుచున్నది. వాడు తూలి కూర్చుండులోపుగా అది వాట్సాపు స్టేటసులో వందమంది కంటబడుచున్నది. అడుగు మాత్రమే కాదు. అన్నము గిన్నె తలపై బోర్లించుకొనుట, పడక తడుపుట, తండ్రి అద్దములు విరుగగొట్టుట, స్నానపు తొట్టిలో అల్లరి చేయుట మొదలగు ప్రతి ముచ్చటయు, ప్రతి పొరపాటును ఈ రీతిగా బయలు వెళ్లుచున్నవి.

తల్లిదండ్రులు తమ పసిబిడ్డను గూర్చి ఇతరులకు చెప్పుకొనుట ఎంతవరకు ధర్మము? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని దాని వెనుక మరియొక ప్రశ్న యున్నది. బిడ్డ జీవితములోని సంగతులు ఎవరి సొత్తు? కన్నవారివా, వినువారివా, లేక ఇంకను మాటలు రాని ఆ బిడ్డవా? దీనిని ఈ నెల ఓపికతో ఆలోచింతము.

1. సంతోషము పంచుకొనుట మంచిదే

మొదట ఒక సంగతి స్థిరపరచుకొందము. బిడ్డ యెదుగుదలను చూచి సంతోషించుట, ఆ సంతోషమును పదిమందితో పంచుకొనుట తప్పు కాదు. ఇస్సాకు పాలు విడిచిన దినమున అబ్రాహాము గొప్ప విందు చేసెనని ఆదికాండము 21వ అధ్యాయములో చదువుచున్నాము. బిడ్డ యెదుగుదలలోని ఒక మెట్టును ఊరివారితో కలిసి పండుగగా చేసికొనుట అంత పాతది.

హోషేయ ప్రవక్త గ్రంథము 11వ అధ్యాయములో అంతకంటె మృదువైన చిత్రమున్నది. ఇశ్రాయేలు తనను విడిచి పోయినందుకు దేవుడు దుఃఖించుచు, ఆ జనము పసివాడుగా నున్న దినములను తలంచుకొనుచున్నాడు. తానే చేతులు పట్టి నడక నేర్పినట్లును, వంగి తినిపించినట్లును ఆయన జ్ఞాపకము చేసికొనుచున్నాడు. ఎదిగి మొండివాడైన కుమారుని విషయములో తండ్రి హృదయము కఠినపడకుండ ఆపినది ఆ తొలి అడుగుల జ్ఞాపకము. కాబట్టి బిడ్డ చిన్నతనమును గుర్తుంచుకొనుట వ్యర్థమైన పని కాదు. రేపు ఆ బిడ్డ పదునారేండ్లవాడై యెదురు మాటలాడు దినమున తల్లిదండ్రుల ప్రేమకు ఊతముగా నిలుచునది అదే.

మరియు పసిబిడ్డ తల్లి చేయు పని ఒంటరి పని. పగలంతయు పలుకు రాని ప్రాణితో గడిపి, రాత్రి నిద్ర చాలక, తాను చేయుచున్నది సరియో కాదో తెలియక నలుగుచుండును. అట్టి తల్లి తన చెల్లెలితోనో, ప్రార్థన కూటములోని అక్కతోనో, “ఈ దినము మా వాడు ఇట్లు చేసినాడు” అని చెప్పుకొన్నయెడల ఆమె ప్రాణము తెరిపిన పడును. ఈ మాటలను అణచవలెనని చెప్పువాడు పసిబిడ్డను పెంచి యెరుగడు.

2. పొరుగింటి తల్లి

అయితే ఇస్సాకు విందు కథ విందుతో ముగియలేదు. ఆ సందర్భముననే హాగరు కుమారుని నవ్వు శారా కంటబడెను. ఇంటిలో కలహము పుట్టెను. తుదకు హాగరు తన కుమారుని తీసికొని బెయేర్షెబా అరణ్యములో నీళ్లు లేక ఏడ్చెను. ఒక బిడ్డ పండుగ జరిగిన యింటనుండియే మరియొక బిడ్డ ఎండలోనికి వెళ్లవలసి వచ్చెను. మన సంతోషము ఎవరి చెవిని బడుచున్నదో చూచుకొనవలెనని ఈ కథ మనకు నేర్పుచున్నది.

“మా అమ్మాయి పదవ నెలలోనే నడిచినది” అని ఒక తల్లి చెప్పును. అందులో అబద్ధము లేదు. కాని వినుచున్న తల్లి చంకలో పదునాలుగు నెలల బిడ్డ యుండి, వాడింకను గోడ పట్టుకొని నిలుచుచున్నయెడల, ఆ మాట ఆమెను రాత్రియంతయు నిద్రపోనియ్యదు. ఇంటికి వెళ్లి ఆమె బిడ్డ కాళ్లు తడిమి చూచును. అత్తగారు ఒక మాట, ఆడపడుచు ఒక మాట అందురు.

ఇక్కడ తెలిసికొనదగిన సంగతి యున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మన దేశముతో కూడ ఘానా, నార్వే, ఒమాను, అమెరికా దేశముల బిడ్డలను పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించిరి. ఆరోగ్యముగా నున్న బిడ్డలు ఊతము లేకుండ నడచుట ఎనిమిది నెలలు దాటినది మొదలు పదునేడు నెలలు దాటువరకు ఎప్పుడైనను జరుగవచ్చునని అందులో తేలినది. వారిలో నూటికి నలుగురు చేతులు మోకాళ్లు ఆనించి ప్రాకకుండనే నడకలోనికి వచ్చిరి. పదునెనిమిది నెలలు నిండినను నడువని బిడ్డను వైద్యునికి చూపవలెను; దానికి సిగ్గుపడ నక్కరలేదు. అంతకు ముందు నెల రెండు నెలల తేడా బిడ్డ తెలివిని గాని తల్లి పెంపకమును గాని తూచు తూనిక కాదు. పదవ నెలలో నడిచిన బిడ్డ తల్లి అతిశయించుటకు ఏమియు లేదు. పదునారవ నెలలో నడిచిన బిడ్డ తల్లి తల వంచుకొనుటకును ఏమియు లేదు.

పిల్లలు లేని స్త్రీల మాట మరచిపోకూడదు. హన్నాకు పిల్లలు లేనందున పెనిన్నా ఆమెను విసికించుచుండెనని 1 సమూయేలు 1వ అధ్యాయములో నున్నది. ఆ విసికించుట ఏటేట మందిరమునకు వెళ్లినప్పుడే జరిగినదట! మన గుడి ఆవరణములోను ఆరాధన ముగిసినపిమ్మట పిల్లల ముచ్చట్లు సాగును. పెనిన్నావలె నొప్పించు ఉద్దేశము మనకు లేకపోవచ్చును; అయినను చెట్టు క్రింద ఒంటరిగా నిలిచియున్న సహోదరి వినుచునే యున్నది. సంతోషించువారితో సంతోషించుటయు ఏడ్చువారితో ఏడ్చుటయు రోమా 12:15లో ఒకే ఆజ్ఞగా నున్నవి. మన ముచ్చట చెప్పి సంతోషము కోరుకొనుచున్నాము గాని, అదే వేళ ఎదుటివారి కన్నీరు చూచుటకు సిద్ధముగా నున్నామా?

3. పడిపోయిన కథలు

ఇక పొరపాట్ల సంగతి. అమెరికాలో కొందరు పరిశోధకులు ఏడాది మొదలు పందొమ్మిది నెలల వరకు గల బిడ్డలు ఆడుకొనుచుండగా వారి అడుగులు లెక్కించి 2012లో ప్రకటించిరి. ఒక్క గంటలో సగటున 2,368 అడుగులు, 17 పడిపోవుటలు! పడనిదే నడక రాదని పెద్దలు చెప్పునది లెక్కకు సరిగా వచ్చినది. కాబట్టి పసివాని పొరపాట్లు చెప్పుకొని నవ్వుకొనుట సహజము. కాని అన్ని కథలును ఒక తీరువి కావు. వాటిని రెండుగా విడదీయుట మేలు.

మొదటి తీరు కథలో నష్టపోవునది తల్లిదండ్రుల గౌరవము. శీతల పానీయపు సీసాలో కిరోసిను పోసి క్రింద పెట్టినందున బిడ్డ త్రాగబోయెను; స్నానాల గదిలో బక్కెట్టు నీళ్లతో వదలి తలుపు వేయనందున బిడ్డ తలక్రిందుగా పడబోయెను; వేరుసెనగ గింజ గొంతున అడ్డుపడెను; ఆటవస్తువులోని బిళ్లవంటి బ్యాటరీ మ్రింగెను. ఇట్టివి చెప్పుటకు తల్లికి సిగ్గుగా నుండును, “ఏమి చూచుకొనుచున్నావు?” అని జనులందురను భయముండును. అయినను ఈ కథలే చెప్పదగినవి. బిళ్ల బ్యాటరీ గొంతులో చిక్కుకొన్నయెడల రెండు గంటలలోనే లోపల కాల్చివేయగలదనియు, క్షణమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెననియు ఒక తల్లి తన సిగ్గు విడిచి చెప్పుటవలన పదిమంది తల్లులు తెలిసికొందురు. ఆమె ఒక్క మాట వేరొక యింటి బిడ్డను బ్రతికించవచ్చును.

రెండవ తీరు కథలో నష్టపోవునది బిడ్డ గౌరవము. పక్క తడిపినాడు, చీకటికి భయపడి కేకలు వేసినాడు, మాట నత్తిగా వచ్చుచున్నది, దిగంబరముగా వీధిలోనికి పరుగెత్తినాడు. ఇందులో వినువారికి నేర్చుకొనదగిన మేలు అరుదు. నవ్వు తల్లిదండ్రులకు దక్కును, వెల బిడ్డ చెల్లించును.

ఈ భేదమును మన రక్షకుని బాల్యకథలో చూడవచ్చును. ఆయన శైశవము మొదలుకొని బాప్తిస్మము వరకు గల సుమారు ముప్పది యేండ్లలో సువార్తలు వివరముగా చెప్పిన సంఘటన ఒక్కటే: పండ్రెండేండ్ల ప్రాయమున యెరూషలేములో ఆయన వెనుక నిలిచిపోవుట. అది ఎవరికి సిగ్గు తెచ్చు కథ? బిడ్డ గుంపులో నున్నాడనుకొని ఒక దినపు ప్రయాణము చేసినవారు మరియ యోసేపులు. మూడు దినములు వెదకినవారును వారే. తల్లి గద్దించిన మాటయు, కుమారుని ప్రత్యుత్తరము వారికి బోధపడలేదను సంగతియు దాచకుండ వ్రాయబడినవి. ఆయన తొలి అడుగు ఎప్పుడు వేసెనో, తొలి మాట ఏదో, రాత్రివేళ ఏమి చూచి జడిసెనో ఒక్క మాటయు లేదు. తరువాతి కాలమున కొందరు ఈ మౌనమును సహింపలేక బాలయేసును గూర్చి వింత కథలు కల్పించి వ్రాసిరి. సంఘము వాటిని లేఖనములలో చేర్చలేదు. మరియ మాత్రము ఆ సంగతులన్నిటిని తన హృదయములో భద్రపరచుకొనెనని లూకా 2:51 చెప్పుచున్నది. తల్లిదండ్రులను తగ్గించు కథ లోకమునకు అందినది. బిడ్డ నిస్సహాయదశకు చెందిన కథలు తల్లి హృదయములో నిలిచిపోయినవి.

4. చాటుట, కప్పుట

నోవహు కుమారుల కథ మనమందరమెరిగినదే. తండ్రి వస్త్రహీనుడై పడియుండగా హాము చూచి, వెలుపలికి వచ్చి తన అన్నదమ్ములకు చెప్పెను. షేము యాపెతులు వెనుకకు నడిచి, తమ ముఖములు త్రిప్పుకొని కప్పిరి. దీనిని పిల్లలు తల్లిదండ్రుల యెడల చూపవలసిన మర్యాదకు దృష్టాంతముగా ఎన్నియో ప్రసంగములలో విన్నాము. దానిని ఇటు త్రిప్పి చదువుట ఎన్నడైనను విన్నామా? తనను తాను కప్పుకొనలేని స్థితిలో నున్నవానిని చూచినవాడు చాటకుండ కప్పవలెనను ధర్మము తండ్రి విషయములో నిజమైతే, రెండేండ్ల బిడ్డ విషయములో అబద్ధమగునా? స్నానపు తొట్టిలోని బిడ్డ చిత్రమును వందమందికి పంపు తండ్రి వెలుపలికి వెళ్లి చెప్పినవాని పని చేయుచున్నాడే గాని, వెనుకకు నడిచినవారి పని చేయుట లేదు. పైగా ఆ వందమందిలో ఎవరి మనస్సు ఎట్టిదో, వారి చేతినుండి ఆ చిత్రము ఎక్కడికి పోవునో అతనికి తెలియదు.

“పసివానికేమి తెలియును? వానికి సిగ్గు లేదు గదా!” అని కొందరందురు. ఇది ఆలోచింపదగిన మాటయే. వానికి ఇప్పుడు సిగ్గు లేదు, నిజము. కాని పసితనము మూడేండ్లలో గతించును, చిత్రము గతించదు. ఆ బిడ్డ పదవ తరగతిలో నున్నప్పుడు తోటివారు అది తీసి చూపుదురు. ఆ దినమున సిగ్గుపడువాడు వేరొకడు కాడు, వాడే. మైనరు బిడ్డ పొలమును తండ్రి ఏలుబడి చేయునప్పుడు, “వానికి పొలము విలువ తెలియదు గదా” అని అమ్ముకొని తినిన, లోకమంతయు తప్పుపట్టును. బిడ్డకు విలువ తెలియని కాలముననే కాపరి నమ్మకముగా నుండవలెను. పేరు ప్రతిష్ఠలును అట్టి ఆస్తియే.

లోకరాజ్యములును ఈ సంగతి గుర్తించుచున్నవి. ఐక్యరాజ్యసమితి 1989లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణము బిడ్డ ఏకాంతమునకును గౌరవమునకును భంగము కలుగకూడదని చెప్పినది. మన దేశము 1992లో ఆ ఒడంబడికలో చేరినది. ఫ్రాన్సు దేశము 2024లో చేసిన చట్టములో, బిడ్డ చిత్రము మీది హక్కును తల్లిదండ్రులిద్దరు కలిసి కాపాడవలెననియు, వయస్సును గ్రహింపును బట్టి బిడ్డను కూడ ఆ నిర్ణయములో చేర్చవలెననియు ఉన్నది. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండని వారి సమాచారమును కంపెనీలు వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని కోరుచున్నది. అనగా చట్టము తాళపుచెవిని కన్నవారి చేతికే ఇచ్చినది. కాపలావాడే తలుపు తీసియుంచిన యెడల చట్టమేమి చేయగలదు?

ఒక పాత ఉదాహరణ చూతము. చార్లెస్ డార్విన్ తన పెద్దకుమారుడు 1839లో పుట్టినది మొదలు వాని చేష్టలన్నియు ఒక పుస్తకములో వ్రాసికొనెను. రెండేండ్ల ఎనిమిది నెలల ప్రాయములో ఆ బిడ్డ ఊరగాయ రసము బట్టమీద ఒలికించుకొని, మరక కనబడకుండ బట్ట చుట్టుకొని వచ్చిన సంగతియు అందులో నున్నది. ఆయన దానిని లోకమునకు ప్రకటించినది 1877లో. అప్పటికి ఆ బిడ్డ ముప్పదియేడేండ్ల పెద్దమనిషి. ఆ మరక వలన అతనికి కలుగవలసిన అవమానమేమియు అప్పటికి మిగిలియుండలేదు. వ్రాసికొనుట వేరు, ప్రకటించుట వేరు. మొదటిది ఆ దినముననే చేయవచ్చును, రెండవది ఆగగలదు.

మన పెద్దలు దిష్టి తగులునని బిడ్డ బుగ్గమీద కాటుక చుక్క పెట్టి, ఎవరిముందు పడితే వారిముందు బిడ్డను చూపకుండిరి. చూపులో అట్టి శక్తి యున్నదని మనము నమ్మము. కాని ఆ నమ్మకముతోపాటు, బిడ్డ అందరి కన్నులకు ఆటవస్తువు కాదను జాగ్రత్తను కూడ పారవేసితిమేమో విచారించుకొనవలెను.

5. అయితే ఏమి చేయుదము?

గుంటూరులోని తాతయ్య, అమ్మమ్మలు డల్లాసులోనో దుబాయిలోనో ఉన్న మనుమరాలి అడుగులు ఫోనులోనే చూడవలసియున్నది. వారికి ఆ భాగ్యము లేకుండ చేయుమని ఎవరు చెప్పగలరు? అది పళ్లెములోని అరిసె వంటిదే. పుచ్చుకొనువారి ముఖము మనకు తెలియును, వారికి ఆ బిడ్డ ప్రాణము. కాబట్టి ఫోను ముట్టకూడదను నియమము మనకు వలదు. పంపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొన్న చాలును.

మొదటిది: దీనిని పుచ్చుకొనువారు ఆ బిడ్డను ప్రేమించువారా, లేక ఊరక చూచిపోవువారా? రెండవది: ఈ కథలో ఎవరి గౌరవము ఖర్చగుచున్నది, నాదా, బిడ్డదా? నాదైతే, ఇతరులకు మేలు కలుగునప్పుడు ధైర్యముగా చెప్పవచ్చును. బిడ్డదైతే, ఇంటిలోనే ఉంచవలెను. మూడవది: నేను ముసలితనమున మంచము పట్టి, పక్క తడుపుకొను దినము వచ్చినప్పుడు, ఎదిగిన నా కుమార్తె ఆ సంగతిని ఇదే రీతిగా నలుగురికి చూపించిన నాకు సమ్మతమా? మత్తయి 7:12లోని ధర్మమును పసిబిడ్డల విషయములో వినియోగించుటకు ఇంతకంటె సుళువైన మార్గము లేదు. ఈనాడు వారి చేతులు మనము పట్టుకొనియున్నాము. ఒక దినమున మన చేతులు వారు పట్టుకొందురు. మర్యాద ఎట్టిదో వారు మనయొద్దనే నేర్చుకొందురు.

మరి మనసులో పొంగుచున్న ఆ ముచ్చట్లన్నియు ఏమి చేయవలెను? ఒక నోటుపుస్తకము కొని వ్రాసియుంచుడి. తేదీ వేయుడి, తొలి మాట, తొలి అడుగు, పడిన దెబ్బ, ఆ రాత్రి మీరు చేసిన ప్రార్థన వ్రాయుడి. చిత్రములు తీసి ఇంటిలో భద్రపరచుడి. ఆ బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండిన దినమున ఆ పుస్తకము వాని చేతికిండు. ఎవరికి చూపవలెనో, ఎవరితో నవ్వవలెనో వాడే నిశ్చయించుకొనును.

హన్నా సమూయేలును షిలోహు మందిరములో విడిచి వచ్చినపిమ్మట ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెనని 1 సమూయేలు 2:19లో నున్నది. కన్నుల యెదుట లేని బిడ్డ ఈ యేడు ఎంత పొడుగైయుండునో, భుజములు ఎంత వెడల్పైయుండునో ఆమె ప్రతి సంవత్సరము ఊహించి కొలుచుకొనవలసి యుండెను. బిడ్డ యెదుగుదలను ఆమె అంత శ్రద్ధగా లెక్కించెను. ఆ లెక్క అంగీగా మారి ఆ బిడ్డ ఒంటిమీదికే చేరెను, వానిని కప్పెను.